ఎదుటి కుర్చీ మీద టిష్యూ పొట్లం

జూన్ 4, ఆదివారం

ఈ పుస్తకం బీపీ రాసుకోమని క్లినిక్‌లో ఇచ్చారు. ఎడమవైపు తేదీ, కుడివైపు పై అంకె, కింది అంకె. నాకు బీపీ లేదు. ఉందని డాక్టరమ్మ అంటుంది. మంచి కాగితం, ఖాళీగా పారేయడం ఎందుకని రాస్తున్నాను. అంతకు మించి వేరే కారణం లేదు.

వాళ్ళక్కకు మోకాలి ఆపరేషన్ అని మా ఆవిడ పెక్ చూ ఏప్రిల్‌లో ఊరికి ఆ చివర ఉన్న బెడోక్ వెళ్ళింది. ఇంకా రాలేదు. మోకాలికి ఇన్నాళ్ళు పడుతుందా? ఏమో. నేను జన్మంతా బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. మోకాళ్ళ సంగతి నాకేం తెలుసు!

ఇవాళ ఆదివారం కదా, మార్కెట్ మేడ మీద తిండి దుకాణాల్లో ఆ హుయ్ అనే ఆవిడ దుకాణానికి వెళ్ళాను. తౌ హ్వే తినడానికే వెళ్ళాను. క్యూ మెట్ల దాకా ఉంది. మా పేట తోవా పాయోలో సగం మందికి ఆదివారం నాడు ఆ హుయ్ చేతి తౌ హ్వే పడకపోతే తెల్లారదు. పీపాలోంచి పల్చటి రేకు గరిటెతో పొరలు పొరలుగా తీసి గిన్నెలో వేస్తుంది. సోయా పాలదే అయినా జున్నుకంటే మెత్తన, నమిలే పనే ఉండదు. పైన పంచదార పాకం. నాకు ఎక్కువ, పెక్ చూకి తక్కువ. నంజుకోవడానికి నూనెలో వేగిన పిండి కడ్డీ ఒకటి, ఇద్దరికీ.

నా వంతు వచ్చేసరికి ఆ హుయ్ తలెత్తకుండానే అడిగింది.

"రెండేగా అంకుల్? ఒకటి పాకం తక్కువ, ఒక పిండి కడ్డీ."

"ఆఁ" అన్నాను. అలవాటు కొద్దీ నోరు జారింది. ఇక మార్చి చెప్పడం ఎందుకులే, వెనక అంత క్యూ ఉంటే.

బల్ల దగ్గరికి వెళ్ళి చూస్తే, క్యూలో నిలబడే ముందు, ఇక్కడ అందరూ చోటు ఆపుకున్నట్టే, టిష్యూ పొట్లాలు కూడా రెండు కుర్చీల మీదా పెట్టేసి వచ్చాను. అదీ అలవాటే. రెండు గిన్నెలూ నేనే తిన్నాను. పాకం తక్కువది కూడా మరీ అంత చెడ్డగా ఏం లేదు.

జూన్ 6, మంగళవారం

బీపీ చూసుకోలేదు. మిషను ఎక్కడ పెట్టి వెళ్ళిందో!

జూన్ 11, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. ఎదుటి కుర్చీ మీద టిష్యూ పొట్లం పెట్టాను. నా సంచి పెట్టుకోవడానికి చోటుండాలి కదా.

పెక్ చూ అయితే టిష్యూ పెట్టదు. "టిష్యూ పెట్టేది ఆఫీసువాళ్ళు. చొక్కా నలక్కుండా తినేవాళ్ళు" అంటుంది. ఆవిడ పెట్టేది గొడుగు. నీలం మీద తెల్లపూలు, ఒక పుల్ల విరిగింది. నేను బస్సు డిపో నుంచి డ్యూటీ దిగి వచ్చేసరికి ఆ గొడుగు నా కుర్చీలో కూర్చుని ఉండేది. దూరం నుంచే కనిపించేది. నేను దాన్ని తీసి బల్ల అంచుకు తగిలిస్తే, "వచ్చాడండీ డ్రైవరుగారు, లేటు" అనేది. లేటు ఎప్పుడూ కాలేదు. అయినా అనేది.

నేను ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. అక్కణ్ణుంచి కింద బస్ స్టాప్ కనిపిస్తుంది. బెడోక్ బస్సు ఎంతకొకసారి వస్తుందో గమనించాను. వృత్తి బుద్ధి, ఎక్కడికి పోతుంది! ఈ కాలం డ్రైవర్లు రెండు బస్సులు ఒకేసారి తోలుకొస్తారు, తర్వాత చాలాసేపు ఒక్కటీ ఉండదు. దిగేవాళ్ళు కూడా ఎక్కువమంది లేరు. ఒక్కొక్కళ్ళనీ చూశాను.

రెండు గిన్నెలు.

జూన్ 15, గురువారం

వెళ్ళే రోజు ఏం జరిగిందో రాయాలనిపించింది. ఏమీ జరగలేదు. అందుకే రాస్తున్నాను.

తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగింది. "వారం పడుతుందేమో. ఉండగలవా?"

"వారమేంటి, ఎన్నాళ్ళయినా ఉండు. నాకేం తేడా తెలియదు" అన్నాను.

ధైర్యం చెప్పాను. బెంగ పెట్టుకోకుండా వెళ్ళాలని. మగవాడు మరేం అంటాడు? ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. "సరే అయితే" అంది. లిఫ్ట్ దాకా సంచి తనే మోసుకుంది. ఇస్తానంటే ఇవ్వలేదు.

అంతే. గొడవ అంటే ఇది గొడవ కాదు. చూడబోతే ఎక్కడా ఒక్క తప్పు మాట లేదు.

జూన్ 22, గురువారం

డ్రాగన్ పడవల పండగ. తెల్లారి తలుపు తీసేసరికి గ్రిల్లుకి సంచి వేలాడుతోంది. వెదురాకుల్లో కట్టిన బియ్యం పొట్లాలు. వాళ్ళక్క కొడుకు పనికి వెళ్తూ తగిలించి పోయాడట. ఆ ముడి చూడగానే తెలిసిపోయింది, పెక్ చూ కట్టిందే. ఆవిడ దారాన్ని ఒక చుట్టు ఎక్కువ తిప్పుతుంది.

ఏటా ఈ రోజుల్లో ఇంటినిండా ఉడికే ఆకుల వాసన. ఈసారి సంచిలోంచి వచ్చినంతే.

ఫోన్‌లో మెసేజ్ పెట్టాను. చాలాసేపు ఆలోచించి పెట్టాను. "ఉప్పు సరిపోయింది."

బొటనవేలు బొమ్మ పంపింది.

జూన్ 25, ఆదివారం

జనం కిటకిట. ట్రేలు పట్టుకుని నిలబడి చూస్తున్నారు, ఎవరు లేస్తారా అని. ఒక పిల్లా పిల్లాడూ, కొత్తగా పెళ్ళైనట్టున్నారు, నా బల్ల దగ్గరికి వచ్చారు. ఆ పిల్ల టిష్యూ పొట్లం చూసి ఆగిపోయింది. అయినా ఆశ కొద్దీ అడిగింది.

"అంకుల్, ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

"వస్తోంది" అన్నాను.

"సారీ అంకుల్" అని వెళ్ళిపోయారు. పాపం, ఆ చివర నిలబడే తిన్నారు.

ఎందుకు అలా అన్నానో. సంచి ఉంది అని ఉండొచ్చు. ఎవరూ లేరు, కూర్చోండి అని ఉండొచ్చు. అనలేకపోయాను. టిష్యూ పొట్లం అక్కడ ఉన్నంతసేపు ఎవరో లేచి వెళ్ళారు, ఇప్పుడే వస్తారు అన్నట్టే ఉంటుంది. తీసేస్తే ఉత్త కుర్చీ.

ఇవాళ కూడా బెడోక్ బస్సులు చూశాను.

జూలై 2, ఆదివారం

వాన. వెళ్ళడానికి గొడుగు వెతికాను. నాది ఎప్పుడో విరిగిపోయింది. ఆవిడది తీసుకుందామని చెప్పుల అలమర, తలుపు వెనక, వంటింట్లో, బాల్కనీలో కూడా చూశాను. లేదు. పట్టుకుపోయింది.

వారానికని వెళ్ళే మనిషి గొడుగు కూడా పట్టుకుపోయిందంటే చాలాకాలం ఉండాలనే వెళ్ళింది. ముందే అనుకుని వెళ్ళింది. మరి నన్ను "ఉండగలవా" అని అడగడమెందుకు?

తడుస్తూనే వెళ్ళాను. కోపంతో ఒక్క గిన్నే తీసుకుంటానని అనుకున్నాను. ఆ హుయ్ అప్పటికే రెండు గిన్నెలు నింపేసింది.

జూలై 5, బుధవారం

బెడోక్ ఫోన్ చేశాను. మోకాలి సంగతి అడగడానికి. మర్యాద కదా. వదినే ఎత్తింది.

"ఏం మరిదీ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?"

"మోకాలు ఎలా ఉంది వదినా?"

"నా మోకాలికేం, దివ్యంగా ఉంది. కమ్యూనిటీ సెంటర్లో లైన్ డాన్స్‌కి వెళ్తున్నా. నువ్వూ రా, ఆ పొట్ట తగ్గుతుంది."

"మరి పెక్ చూ..."

"మరి పెక్ చూ ఏంటి?"

"ఏం లేదు. ఎలా ఉందని."

"పక్కనే ఉంది, ఇస్తా, అడుగు. నీ పెళ్ళామే కదా, భయమెందుకు?"

అవతల పెక్ చూ గొంతు వినిపించింది. కూర తరుగుతోందనుకుంటా, కత్తి చప్పుడు ఆగింది. "ఏదైనా పనుందేమో అడుగక్కా" అంది.

"ఏదైనా పనుందా అంటోంది" అంది వదిన.

పనేం లేదన్నాను. నిజమే కదా. పనేముంది!

జూలై 9, ఆదివారం

రెండు గిన్నెలు. బస్సులన్నీ టైముకే వచ్చాయి.

జూలై 16, ఆదివారం

రాస్తుంటే పెన్ను రెండుసార్లు కింద పడింది. బీపీయేమో.

మామూలుగానే టిష్యూ పెట్టాను, క్యూలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆ హుయ్ గరిటె పైన పట్టుకుని ఆగింది.

"అంకుల్, మీ ఇద్దరి లెక్క నాకు అర్థం కావట్లేదు. ఆంటీ పార్సిల్ కట్టించుకుపోతుంది. మీరేమో ఇక్కడ కూర్చుని రెండు లాగిస్తారు. ఇంట్లో మళ్ళీ తింటారా?"

"ఏ ఆంటీ?"

"ఏ ఆంటీ ఏంటి? మీ ఆంటీ! పోయిన ఆదివారం వచ్చింది. అంతకు ముందు కూడా వచ్చింది, వాన పడ్డ రోజు."

"ఎక్కడ? నేను బస్ స్టాప్ చూస్తూనే ఉన్నా."

"బస్సులో ఎందుకొస్తుంది అంకుల్? రైల్లో వస్తుంది. అటు మెట్ల నుంచి, మీ వీపు వెనక నుంచి. ‘అదిగో ఆంటీ, అంకుల్ అక్కడే కూర్చున్నాడు’ అని నేనే చూపించా. చూసింది. కాసేపు నిలబడింది కూడా. ‘ఎదర ఎవరికో ఆపి పెట్టాడుగా, నాకు పార్సిల్ కట్టెయ్’ అంది. పోయిన ఆదివారం అయితే మీ కుర్చీ దగ్గర దాకా వెళ్ళి తిరిగొచ్చేసింది." ఆ హుయ్ గొంతు తగ్గించింది. "నాకు చెప్పండి అంకుల్, ఎవరికీ చెప్పను. ఆ టిష్యూ ఎవరికి? గర్ల్ ఫ్రెండా?"

వెనక క్యూలో ఒకాయన కిసుక్కున నవ్వాడు.

నేను గిన్నెలు తీసుకోలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి ఎదుటి కుర్చీ మీద పొట్లం చూశాను. నేనే పెట్టిన పొట్లం. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళెవరూ దాన్ని తీసి కూర్చోరు. మంత్రి భార్య అయినా కూర్చోదు. పెక్ చూ అసలే కూర్చోదు. అన్నాళ్ళూ ఆవిడ కోసం ఆపిన కుర్చీ నుంచి ఆవిణ్ణే ఆపాను.

నాకు ఏడుపొచ్చింది. రాస్తున్నాను, ఎవరు చూస్తారు. మార్కెట్ మేడ మీద, మైనా పిట్టలు ఎంగిలి గిన్నెల్లో పొడుస్తుంటే, నిలబడి ఏడ్చాను. కళ్ళు తుడుచుకోవడానికి ఆ పొట్లమే చింపాను.

జూలై 17, సోమవారం

చెప్పెయ్యాలి. ఫోన్ తీశాను. "ఆ టిష్యూ నీకే" అని టైపు చేశాను. పిచ్చివాడి మాటలా ఉంది. కొట్టేశాను. "రైల్లో వచ్చావట" అని టైపు చేశాను. నేరం మోపినట్టు ఉంది. అదీ కొట్టేశాను. "తేడా తెలుస్తోంది" అని టైపు చేసి చాలాసేపు చూశాను. వేలు పంపించే గుర్తు మీద పెట్టాను, తీశాను.

చివరికి "వాషింగ్ మెషీన్ ఫిల్టర్ ఎలా కడగాలి?" అని పంపాను.

వెంటనే జవాబు వచ్చింది. "కింద చిన్న తలుపు. ఎడమకి తిప్పు. ముందు గుడ్డ పరుచుకో, నీళ్ళు కారతాయి." కొంచెం ఆగి ఇంకొకటి. "అన్నం తిన్నావా?"

తిన్నాను అని పెట్టాను. అబద్ధం. కానీ ఆ రెండో మెసేజ్ చాలాసార్లు చదువుకున్నాను. తర్వాత ఫిల్టర్ కడిగాను. నీళ్ళు కారాయి.

జూలై 19, బుధవారం

ఎదురింటి రోస్నా బెల్లు కొట్టింది. చేతిలో ఒక పళ్ళెం నిండా కుయె మిఠాయి ముక్కలు, చంకలో పెక్ చూ గొడుగు.

"అంకుల్, ఏమీ అనుకోకండి. ఆంటీ గొడుగు. మా అమ్మావాళ్ళింట్లో వదిలేసి మర్చేపోయాను. సిగ్గేస్తోంది, ఎప్పటిదో!"

"ఇది నీ దగ్గరెందుకుంది?"

"ఆంటీ బెడోక్ వెళ్ళే ముందురోజు పెద్ద వాన పడలేదూ? పిల్లల్ని బడి నుంచి తీసుకురావాలంటే ఆంటీయే ఇచ్చింది. రేపు మీరు బెడోక్ వెళ్తున్నారు కదా ఆంటీ, మీకు కావాలేమో అన్నాను. ‘నాకెందుకే, వారంలో వచ్చేస్తాగా, ముసలాయన్ని వదిలి అంతకంటే ఎక్కడుంటాను’ అంది." రోస్నా నవ్వింది. "ఇంకా రాలేదేంటి అంకుల్? వాళ్ళక్కకి తగ్గలేదా?"

"తగ్గింది" అన్నాను.

తలుపు వేసుకుని గొడుగు విప్పి చూశాను. విరిగిన పుల్ల అలాగే ఉంది. రోస్నా పిల్లలు పిడికి ఏదో స్టిక్కర్ అంటించారు.

వారంలో వచ్చేస్తాగా అని బయల్దేరిన మనిషి. తలుపు దాకా వచ్చి, నన్ను ఒక్క మాట అడిగింది. నేను ధైర్యం చెప్పాను.

జూలై 22, శనివారం

గొడుగు తుడిచి ఆరబెట్టాను. స్టిక్కర్ పీకితే రంగు పోతుందని వదిలేశాను.

జూలై 23, ఆదివారం

అంతా వరసగా రాయాలి. ఏదీ మర్చిపోకూడదు.

అందరికంటే ముందు వెళ్ళాను. అదే బల్ల. కానీ ఈసారి అటు కుర్చీలో నేను కూర్చున్నాను, బస్ స్టాప్‌కి వీపు పెట్టి. జన్మలో మొదటిసారి. రైలు వైపు మెట్లు కనబడుతున్నాయి. ఎదుటి కుర్చీ మీద గొడుగు పెట్టాను, తెల్లపూలు పైకి కనిపించేలా.

ఆ హుయ్ గొడుగు చూసింది, నన్ను చూసింది. రెండు గిన్నెలు, పిండి కడ్డీ తనే బల్ల దగ్గరికి తెచ్చి పెట్టింది. ఎవరికీ అలా తెచ్చివ్వదు. క్యూలో వాళ్ళు గొణిగారు కూడా.

నా గిన్నె తిన్నాను. పాకం తక్కువ గిన్నె అలాగే ఉంచాను. జనం పెరిగారు. ట్రే పట్టుకున్న కుర్రాడొకడు వచ్చి గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"అంకుల్, ఎవరో గొడుగు మర్చిపోయారు. కింద ఆఫీసులో ఇచ్చి రానా?"

"మర్చిపోలేదు! పెట్టెయ్ అక్కడ!" అని అరిచాను. నాలుగు బల్లలవాళ్ళు తిరిగి చూశారు. వాడు భయపడి పెట్టేశాడు. ఈ కాలం పిల్లలకు టిష్యూ తప్ప ఏమీ తెలియదు. "అది మా ఆవిడ కుర్చీ బాబూ" అన్నాను, కాస్త మెల్లగా.

రైలు వైపు మెట్ల మీద జనం వస్తున్నారు, పోతున్నారు. ప్రతి పొట్టి మనిషీ పెక్ చూలాగే ఉంది. తీరా చూస్తే ఎవరో. ఇవాళ రాదేమో, ఇక ఎప్పటికీ రాదేమో, పోయిన ఆదివారమే ఆఖరిసారేమో అనిపించింది. గిన్నె అంచు చుట్టూ నీళ్ళూరాయి. చల్లారింది.

అప్పుడు వచ్చింది.

మెట్ల పైన నిలబడి మామూలుగా నా పాత కుర్చీ వైపు చూసింది. అక్కడ నా వీపు లేదు. వెతికింది. నేను చెయ్యెత్తలేదు, చెయ్యి లేవలేదు. ఆవిడ చూపు ముందు గొడుగు మీద పడింది. తర్వాత నా మీద. చాలాసేపు అలాగే నిలబడింది. వెనకవాళ్ళు తోసుకుంటూ పోతున్నారు.

వచ్చి గొడుగు తీసి బల్ల అంచుకు తగిలించింది. కూర్చుంది.

"ఇది రోస్నా దగ్గరుండాలే."

"ఇచ్చేసింది."

"ఈ స్టిక్కరేంటి?"

"పిల్లలు."

చెంచాతో అంచు నీళ్ళు పక్కకు తీసి ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. "చల్లారిపోయింది. ఎప్పటి నుంచి కూర్చున్నావు?"

"ఇప్పుడే వచ్చా."

"డ్రైవరుగారికి అబద్ధాలు కూడా వచ్చే" అంది. చిక్కిపోయింది. లేక జుట్టు కత్తిరించుకున్నందుకు అలా అనిపించిందో! ఆవిడ జుట్టు కత్తిరించుకున్నట్టు నాకు తెలియనే తెలియదు.

కాసేపయ్యాక గిన్నెలోకే చూస్తూ అడిగింది. "ఆ టిష్యూ ఎవరికి పెట్టేవాడివి?"

"నీకే."

"నేను టిష్యూ పెడతానా ఎప్పుడైనా? నాకు ఎలా తెలుస్తుంది?"

"గొడుగు నువ్వు పట్టుకుపోయావనుకున్నా."

ఆవిడ చెంచా ఆగింది. పిండి కడ్డీని రెండుగా విరిచి పెద్ద ముక్క నా ఖాళీ గిన్నెలో పెట్టింది. ఎప్పుడూ పెద్దదే పెడుతుంది.

ఇంట్లో అద్దం ముందు చాలా రకాలుగా అనుకుని వచ్చాను. అన్నీ పోయాయి. ఫోన్‌లో పంపలేకపోయిందే మిగిలింది.

"తేడా తెలుస్తోంది" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "దేనికి?"

"దేనికేమిటి... అన్నిటికీ. పొద్దున లేవగానే తెలుస్తోంది. అన్నం తిన్నావా అని అడిగావే, అప్పుడు తినలేదు. రెండు గిన్నెలూ నేనే తింటున్నాను పెక్ చూ. ఇక నా వల్ల కాదు. ఇంటికి రా."

చుట్టూ అంత గోల. నా మాట వినపడిందో లేదో అని భయమేసింది. మళ్ళీ చెప్పమంటే చెప్పలేను.

ఆవిడ ముక్కు ఎగబీల్చి, చెయ్యి చాచింది. "టిష్యూ ఇవ్వు. అన్ని పొట్లాలు పెట్టావుగా, ఒక్కటైనా ఉందా?"

లేదు. ఇవాళ ఒక్కటీ తేలేదు. ఆవిడ చొక్కా చేతితోనే తుడుచుకుంది, నవ్వింది, తిట్టింది. ఏ వరసలో జరిగాయో గుర్తులేదు.

"ఇవాళే రాలేను. అక్కకి చెప్పకుండా ఎలా వస్తాను? బట్టలు సర్దుకోవాలి. బుధవారం వస్తా." లేచి గొడుగు చంకలో పెట్టుకుంది. "బీపీ చూసుకుంటున్నావా?"

"మిషను కనిపించలేదు."

"దుప్పట్ల కింద ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఒక్క దుప్పటైనా ఎత్తి చూశావా?"

మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. నేను ఇంకా కూర్చునే ఉన్నాను. గొడుగు ఎత్తి ఊపింది.

జూలై 26, బుధవారం

బీపీ చూసుకున్నాను. ఎక్కువే ఉంది. ఇవాళ ఎక్కువ ఉండక ఏం చేస్తుంది!

మబ్బు పట్టింది. గొడుగు ఆవిడ దగ్గర ఉంది. నేను తడుస్తాను, పర్వాలేదు. స్టేషనుకి వెళ్తున్నాను. రైలు స్టేషనుకి.